పోటుగాడు ఎప్పుడు తిట్టయ్యాడు?

మా ఇంట్లో పోటుగాడు అంటే తిట్టే. గోడ దూకి మోకాలు చీరుకుని వస్తే "వచ్చాడండీ పోటుగాడు". లెక్కల్లో నూటికి ముప్ఫై వస్తే "పెద్ద పోటుగాడివేలే". మొన్న ఆదివారం ఈ మాట దగ్గరే మా మేనల్లుడు నన్ను ఇరికించాడు.

ముందురోజు రాత్రి వాడు 2011 నాటి కెప్టెన్ అమెరికా సినిమా చూశాడు. వాడికి నచ్చింది డాలు కాదు, శిక్షణ శిబిరంలో ఒక ముక్క. ఉత్తుత్తి గ్రెనేడు విసిరితే తక్కినవాళ్లంతా పరుగో పరుగు. బక్కపలచటి స్టీవ్ ఒక్కడే దాని మీద బోర్లా పడతాడు. వాణ్ణి బలశాలిని చేసే సూదిమందు ఇంకా పడలేదు, కండలూ రాలేదు. "అత్తా, నిజంగా ఎవరైనా అలా పడతారా?" అన్నాడు. పడ్డాడని చెప్పాను. జాక్ లూకాస్ అనే అమెరికన్ కుర్రాడు 14 ఏళ్లకే వయసు దాచి మెరైన్లలో చేరాడు. 1945 ఫిబ్రవరిలో ఇవో జిమాలో, 17 నిండిన కొద్దిరోజులకే, రెండు గ్రెనేడ్లను ఒంటికింద అదిమిపట్టాడు. ఒకటి పేలింది, రెండోది పేలలేదు. మనిషి బతికాడు.

"అలాంటోణ్ణి తెలుగులో ఏమంటారు?"

హీరో అన్నాను. అది తెలుగు కాదన్నాడు. వీరుడు అన్నాను. నాటకంలో మాటలా ఉందన్నాడు. పోటుగాడు అనబోయి నాలిక కరుచుకున్నాను.

ఆ సాయంత్రమే విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర ఎక్కించాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, మరుసటి ఏడాది మ్యూజియం అయిన సబ్‌మెరైన్. 91 మీటర్ల పొడవు. ఆ ఇనప గొట్టంలో సుమారు 75 మంది రోజుల తరబడి ఉండేవారంటే వాడు నమ్మలేదు. ఒకదాని మీద ఒకటి ఉన్న పడకలూ, తల వంచి ఒళ్లు కుదించుకుంటే గానీ దాటలేని గుండ్రటి తలుపులూ చూసి, "ఇందులో హీరో ఎవరు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి నిఘంటువులు తీశాను. పొడుచు నుంచి పోటు. కత్తిపోటు, వెన్నుపోటు, తలపోటు అందులోవే. పోటు అంటే యుద్ధం కూడా. పోట్లాట అలా పుట్టింది, కాకపోతే ఇప్పుడది కుళాయి దగ్గర బిందెల గొడవకు దిగింది. పోటరి, పోటుబంటు, పోటుమగడు, పోటుకాడు: అందరూ శూరులే, ఒక్కడూ తిట్టు కాదు. మరి మన పోటుగాడికి ఏమైంది? "ఏం పొడిచావని?" అనే వెటకారం కూడా ఆ ధాతువుదే కావడం చూస్తే నాకొక అనుమానం. పొడిచినవాడి కంటే పొడిచానని చెప్పుకునేవాడు ఎక్కువై ఉంటాడు. మాట వాడి పాలిట పడింది. మీరేమంటారు?

మద్దిలపాలెం మాస్టారు: బాగా తవ్వారమ్మా. పక్కనే ఉన్న మొనగాణ్ణి వదిలేశారేం? మొన అంటే బాణం కొస, సేనకు ముందు వరస కూడా. ఆ వరసలో నిలిచేవాడు మొనగాడు. 2017 నాటి వండర్ ఉమన్ సినిమాలో ఆవిడ కందకంలోంచి లేచి తూటాలకు ఎదురెళ్తుందే, అక్షరాలా మొనగత్తె. అయితే మొదటి ప్రపంచయుద్ధంలో అలా లేచినవాళ్లలో ఎందరో మరలిరాలేదు, తూటాలను తోసేసే కడియాలు వాళ్లకెక్కడివి? మీ పోటుగాడంత కాకపోయినా మొనగాడికీ వెటకారం పట్టింది. "నువ్వేమన్నా మొనగాడివా" అని మా తరగతిలో రోజుకు నాలుగుసార్లు వినేవాణ్ణి. అందులో మూడు నేనన్నవే.

గాజువాక గుంటడు: మా అమ్మయితే "ఏటి పొడిసీసినావురా" అంటాది. ఉద్యోగం వచ్చిన రోజునా అదే అంది.

సింధియా పాత నావికుడు: ఆ బాబు అడిగినదే అసలు ప్రశ్న. మన తీరం దగ్గర 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్లిపోయింది. దాని మీద తీసిన సినిమాలో మన సబ్‌మెరైన్ ఒకటి దానితో తలపడుతుంది, అసలు సంగతిలో మన సబ్‌మెరైనే లేదు. మన ఓడ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలకు, అంటే నీళ్లలోపల పేలే బాంబులకు, పోయిందని మనం అంటాం, దానిలోనే పేలుడు జరిగిందని వాళ్లంటారు. అందులో 90 మందికి పైగా ఉన్నారు. ఎవరు పొడిచారో తేలకుండానే అడుగున పడుంది. ఇక్కడ పోస్టరు మీద ఎవరి బొమ్మ వేస్తారు?

ఆరోజులవే ఇంకో ముచ్చట. డిసెంబరు 9న అరేబియా సముద్రంలో ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడవలేదు. ఆయనతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆయనకు మహావీరచక్ర ఇచ్చారు. పరమవీరచక్ర ఇంతవరకు 21 మందికి వచ్చింది, అందులో 14 మందికి పోయాకే. వాయుసేన నుంచి ఒక్కరున్నారు, మా నౌకాదళం నుంచి ఒక్కరూ లేరు. అది ఫిర్యాదు కాదు. ఓడలో పని అలాంటిది, ఒకడి చేతికి అందేది కాదు. నన్నడిగితే బంటు అనండి. సేవకుడూ వాడే, యోధుడూ వాడే. హనుమంతుణ్ణి రామబంటు అన్నాక ఇంకెవరికి తక్కువ?

జవాబు (నాది): బంటు బాగుంది సార్. ఇందాక మావాడికి చెప్పి చూశాను. వాడికి బంటంటే చదరంగంలో ముందు చచ్చేది. "అయితే కురుసురలో 75 బంట్లా?" అన్నాడు. అవునన్నాను. కాసేపు లెక్కేసుకుని, "మరి రాజు ఎక్కడ కూర్చునేవాడు?" అన్నాడు. పెరిస్కోపు దగ్గరని చెప్పి తప్పించుకున్నాను. తప్పైతే సరిచేయండి.

సింధియా పాత నావికుడు: తప్పే. అక్కడ కూర్చోడానికి చోటుండదమ్మా, నిలబడే చూడాలి.