చెవి దగ్గర పెట్టుకుంటే గొంతు మునిగిపోతోంది, స్పీకర్‌లో బాగుంది: ఏం చేయాలి?

ఆండ్రాయిడ్ 14 ఫోన్. చెవికి ఆనించి మాట్లాడితే మొదటి 10 సెకన్లు బాగుంటుంది, తర్వాత నా గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుందని అవతలివాళ్లు అంటున్నారు. స్పీకర్ నొక్కగానే సర్దుకుంటుంది. వైరు ఇయర్‌ఫోన్లతోనూ ఇబ్బంది లేదు. అదే సిమ్ వేరే ఫోన్‌లో బాగా పనిచేస్తోంది.

కేస్ తీసేశాను, సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు ఆగిపోయే మోడ్) చూశాను, కింది మైక్ రంధ్రం మెత్తటి బ్రష్‌తో తుడిచాను (పిన్ను మాత్రం గుచ్చలేదు, లోపలి జాలీ చిరుగుతుంది). రికార్డర్‌లో 2 నిమిషాలు మాట్లాడితే చివరిదాకా స్పష్టంగా ఉంది. ఆ రంధ్రం వేలితో మూస్తే శబ్దం పడిపోతోంది, అంటే కింది మైక్ పనిచేస్తున్నట్టే. వెనక కెమెరాతో తీసిన వీడియోలో మాత్రం మాట మూసుకుపోయినట్టు వస్తోంది. వెనక కెమెరా వీడియోకు చాలా ఫోన్లు పై మైక్‌నూ వాడతాయి. అందుకే, కాల్స్‌లో రొదను వడకట్టడానికి చుట్టుపక్కల శబ్దాన్ని పట్టే ఆ పై మైక్ మీదే నా అనుమానం. చాలా ఫోన్లలో అది మెయిన్ బోర్డుకే అతికి ఉంటుంది.

బోర్డు జోలికి వెళ్లకుండా, కాల్స్‌లో రొద తగ్గించే ఆ వడపోతను ఆపే దారి ఏదైనా ఉందా?