చర్చ: నకలు కలాట్రావాను ఇష్టపడటం తప్పేనా?

కాలువగట్టు:
ఆరు నెలలుగా నా చేతికున్నది స్విస్ కంపెనీ పాటెక్ ఫిలిప్ వాళ్ల కలాట్రావా అనే వాచీకి నకలు. అసలుదైతే లక్షల్లో మాట, నాది నాలుగు వేలు. తెల్లని డయలు, అంకెల బదులు సన్నని గీతలు, మొనదేలిన ముళ్లు, ఆరు దగ్గర సెకండ్లకు చిన్న వలయం, అంతే. తేదీ కూడా ఉండదు. పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని కీ ఇస్తాను. మణికట్టు కాస్త వంచితే నిమిషాల ముల్లుకు ఒక వాలు తళుక్కుమంటుంది, రెండో వాలు నల్లబడుతుంది. అది చూడటానికే మాటిమాటికీ టైము చూసుకుంటాను. మొన్న ఒక పెళ్లిలో స్నేహితుడు దీన్ని చూసి "ఇది దొంగసొత్తు" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఒక ఆకారం మీద మనసు పడితే దొంగతనం అవుతుందా?

సన్నముల్లు:
ఆకారం మీద మనసు పడితే తప్పేమీ లేదండి. తప్పు డయలు మీద అచ్చేసిన పాటెక్ పేరుతోనే వచ్చింది. 1932లో పాటెక్ కంపెనీ చిక్కుల్లో ఉన్నప్పుడు, దానికి డయళ్లు చేసి ఇచ్చే స్టెర్న్ సోదరులే దాన్ని కొనుక్కున్నారు. ఆ ఏడాదే మొదటి కలాట్రావా, 96 నంబరు మోడలు, వచ్చింది, వెడల్పు సుమారు 31 మిల్లీమీటర్లు. కంపెనీ డయళ్లు చేసేవాళ్ల చేతికి వచ్చిన సంవత్సరమే డయలు మీద ఇంత తక్కువ గీసిన వాచీ పుట్టడం నాకు ఎప్పటికీ ముచ్చటే. మీరు మెచ్చుకునేది వాళ్ల ఆ నిగ్రహాన్నే. డబ్బు ఇచ్చింది మాత్రం వాళ్ల పేరు దొంగిలించినవాడికి.

మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం ఇలాంటి సరుకు అమ్మినవాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. కొని పెట్టుకున్నందుకు మిమ్మల్ని ఆ నిబంధన కింద ఎవరూ పట్టుకోరు. స్విట్జర్లాండ్ సరిహద్దులో అయితే 2008 నుంచి సొంత వాడకానికి తెచ్చుకున్న ఒక్క నకిలీ వాచీని కూడా స్వాధీనం చేసుకోవచ్చు.

మల్లెపందిరి:
నిరాడంబరమైన వాచీ కావాలంటే అబద్ధం పేరు ఎందుకండీ? హెచ్‌ఎంటీ జనతా ఉంది కదా! 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలైంది జపాన్ సిటిజెన్ కంపెనీ సహకారంతోనే. వాళ్ల దగ్గర పని నేర్చుకున్నాం, డయలు మీద మన పేరే రాసుకున్నాం. మా నాన్నగారి జనతా ఇప్పుడు నా చేతికి ఉంది. పైగాజు ప్లాస్టిక్‌ది, గీతలు పడితే ఆయన టూత్‌పేస్టు అద్ది వేలితో గుండ్రంగా రుద్దేవారు, పది నిమిషాల్లో తేటపడేది. మీ వాచీని రేపు మీ అమ్మాయికి ఇస్తే ఏమని చెప్పి ఇస్తారు?

కంటిగ్లాసు:
వాచీల రిపేరు నా వృత్తి. మల్లెపందిరి గారూ, మీ నాన్నగారిది అసలుదే అయి ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మే రంగురంగుల జనతాల్లో చాలావాటికి లోపలి మిషను పాతదే, డయలు మాత్రం కొత్తగా అచ్చువేసింది. కంటిగ్లాసు పెట్టి చూస్తే అక్షరాల అంచులు తడి కాగితం మీద సిరాలా పాకి ఉంటాయి. కాబట్టి నకలు అనేది విదేశీ వాచీల గొడవ మాత్రమే కాదు.

కాలువగట్టు గారూ, మీ వాచీలో సెకండ్ల వలయం డయలు మధ్యకు మరీ దగ్గరగా ఉందా? ఉంటే పెద్ద కేసులో చిన్న మిషను పెట్టారన్నమాట. వలయం ఎక్కడ రావాలో మిషనే నిర్ణయిస్తుంది. 96 నంబరులో అది అంచుకు ఎంత దూరం ఉండాలో అంతే ఉంటుంది. ఆ అందం నకలులో ముందు పోయేది అక్కడే. మిషనును అనుకరించడం నేరమని నేను అనను. యూనిటాస్ 6497 అనే స్విస్ మిషనుకు చైనాలో సీగల్ వాళ్లు చేసే అనుకరణను నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. దాని మీద వాళ్లు వేరేవాళ్ల పేరు పెట్టరు.

కాలువగట్టు:
ఇప్పుడే స్కేలు పెట్టి చూశాను. మీరు చెప్పినట్టే వలయం లోపలికి జరిగి ఉంది. ఇన్నాళ్లూ నాకు అది కనిపించలేదు. అయినా ఆ ముల్లు మీద వెలుగు నిజమే, దాన్ని వదులుకోలేను. మా అమ్మాయికి ఏమని చెప్పాలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. కంటిగ్లాసు గారూ, ఆ పేరు ఒక్కటీ చెరిపేయవచ్చా?

కంటిగ్లాసు:
చెరిపితే కింద పూత కూడా లేస్తుంది, మచ్చ మిగులుతుంది. పేరు లేని డయలు వేయాలి. డయలు వెనుక రెండు చిన్న కాళ్లుంటాయి, అవి మీ మిషను రంధ్రాల్లో సరిగ్గా కూర్చోవాలి. వెనుక మూత తీయించి మిషను నంబరు రాసి పెట్టండి. సరిపోయే డయలు దొరికితే ముళ్లు అవే ఉంచుతాను.