మాట తడబడే బ్రెయిన్ ట్యూమర్ పేషెంట్ నిర్ణయం తనదేనని ఎలా తేల్చాలి?

ప్రశ్న – వార్డు కౌన్సెలర్

70 దాటిన పెద్దాయన. మెదడులో ఎడమ చెవి వైపు భాగం, అంటే ఎడమ టెంపోరల్ లోబ్‌లో గ్లయోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్), బయాప్సీలో ఖాయమైంది. రెండు మూడు మాటలకే ఆగిపోతారు, ఏది అడిగినా తల ఊపుతారు. "ఆయనకేం తెలియదు, సంతకం మేం పెడతాం" అంటున్నారు ఇంట్లోవాళ్లు. ముందున్నవి మూడు దారులు: ఆరు వారాల రేడియేషన్, మూడు వారాల రేడియేషన్, లేదా రేడియేషన్ లేకుండా బాధ తగ్గించే వైద్యం. ఆయనకు అర్థమవుతోందో లేదో ఎలా పట్టుకోవాలి? ఎప్పుడు అడగాలి?

జవాబు 1 – స్పీచ్ థెరపిస్టు

తల ఊపడాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆయనకు మాట రావట్లేదా, మన మాట అందట్లేదా అన్నది ముందు తేలాలి. ఎడమ టెంపోరల్‌లో గడ్డ ఉంటే రెండో ఇబ్బంది కూడా ఎక్కువగానే ఉండొచ్చు. జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్నలు వేయండి, అవే తిప్పి అడగండి. "రాయి నీళ్లలో మునుగుతుందా?" అని అడిగి, కాసేపాగి "తేలుతుందా?" అనండి. రెంటికీ తల ఊపితే అవును-కాదు మీద ఆధారపడలేం, కార్డులకు మారాలి.

ఒక్కో దారికి ఒక్కో కార్డు. లావు స్కెచ్ పెన్నుతో రెండు మూడు మాటలే రాసి, పక్కన చిన్న బొమ్మ వేయండి. కార్డులు ఒకదాని కింద ఒకటి, కాస్త ఎడమకు జరిపి పెట్టండి. ఈ చోట గడ్డ ఉంటే కుడివైపు చూపు, ముఖ్యంగా పైభాగం, దెబ్బతినొచ్చు. అడ్డంగా పేరిస్తే కుడి చివరి కార్డు ఆయన కంట పడకపోవచ్చు, మనమేమో "వద్దన్నారు" అనుకుంటాం. టీవీ ఆపించండి, ఒక్కరే మాట్లాడండి. ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పి, పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఆగండి. (అందరికీ కష్టమయ్యేది ఈ ఆఖరిదే.)

సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి కార్డుల వరుస మార్చి మళ్లీ అడగండి. కార్డు ఎక్కడికి జరిగినా వేలు దాని మీదికే వెళితే అది ఆయన ఎంపిక. ఎప్పుడూ పైదాన్నే చూపిస్తే అది ఎంపిక కాదు, అలవాటు.

జవాబు 2 – న్యూరో వార్డు నర్సు

వేళ గురించి నేను చెబుతాను. డెక్సామెథాసోన్ (మెదడు వాపు తగ్గించే స్టెరాయిడ్) మొదలుపెట్టాక ఒకటి రెండు రోజుల్లో వాపు తగ్గి, చాలామందికి మాట, తెలివిడి కొంత తేరుకుంటాయి. అత్యవసరం కాకపోతే చేరిన రోజే సంతకం అడగొద్దు. ఆ మందు సాయంత్రం పడితే నిద్ర చెడుతుంది, కాబట్టి డోసులు ఉదయం, మధ్యాహ్నం ఉండేలా డాక్టర్‌ని అడగండి. అది మనిషిని అతి హుషారుగానో చిరాగ్గానో చేయొచ్చు, షుగర్ పెంచొచ్చు. ఫిట్స్ వచ్చాక కొన్ని గంటలు అయోమయం ఉంటుంది, ఆ రోజుకు వదిలేయండి. కొత్తగా లెవెటిరాసెటామ్ (ఫిట్స్ మందు) మొదలుపెట్టినా డోసు పెంచినా మగత, కోపం గమనించండి. రక్తంలో సోడియం ఎంతుందో కూడా చూడమనండి. ఉదయం పూట, ఇరవై నిమిషాలు మించకుండా కూర్చోండి. వాంతులతో మగత పెరుగుతుంటే మాత్రం కార్డులు పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌ని పిలవండి, తలలో ప్రెషర్ పెరుగుతుండొచ్చు.

జవాబు 3 – రేడియేషన్ ఆంకాలజిస్టు

కార్డు మీద ఏం రాయాలో చూద్దాం. పెద్ద కోర్సు అంటే 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 30 సిట్టింగులు, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. చిన్నది 40 గ్రే, 15 సిట్టింగులు, మూడు వారాలు. 65 దాటినవారిలో చిన్న కోర్సుకు టెమోజోలమైడ్ అనే కీమో మందు కలిపి చూసిన ట్రయల్ 2017లో వచ్చింది. మధ్యస్థ ఆయుష్షు 7.6 నెలల నుంచి 9.3కి పెరిగింది. గడ్డ ముక్క పరీక్షలో ఎంజీఎంటీ మిథైలేషన్ (కీమోను అడ్డుకునే జన్యువు మూతపడటం) ఉన్నవారిలో 7.7 నెలల నుంచి 13.5కి. కాబట్టి ఆ రిపోర్టు రాకముందే "కీమో కావాలా?" అని అడగడం సగం ప్రశ్నే.

ఈ అంకెను "ఇన్ని నెలలే" అని చెప్పకండి. సగంమంది అంతకంటే ఎక్కువ, సగంమంది తక్కువ బతికారని చెప్పండి. అది కూడా ఆయన వినాలనుకుంటేనే.

"ఏది కావాలి?" కంటే ముందు "దేన్ని పోగొట్టుకోలేరు?" అని అడగండి. ఇంట్లో గడిపే రోజులా, తనంతట తాను నడవడమా, ఎక్కువ కాలమా? రేడియేషన్ వేళ తల కదలకుండా మొహానికి బిగించే మాస్కును చేతికిచ్చి తాకనివ్వండి. దాంతో కదలకుండా పడుకోవడం కొందరికి అసలు సాధ్యం కాదు, అది మొదటిరోజు టేబుల్ మీద బయటపడకూడదు. కోర్సు సాగేకొద్దీ అలసట పెరుగుతుందని, మధ్యలో ఆపేయమనే హక్కు ఉందని కూడా చెప్పాలి.

జవాబు 4 – సైకియాట్రిస్టు

అర్థం చేసుకోవడం, చెప్పేంతవరకు గుర్తుంచుకోవడం, మంచిచెడ్డలు బేరీజు వేయడం, ఏదో ఒక దారిన తెలియజేయడం: ఈ నాలుగూ ఈ ఒక్క నిర్ణయానికి ఉంటే చాలు. మెమరీ టెస్టు స్కోరు తక్కువని కొట్టేయొద్దు. చేతికి ఐవీ సూది పెట్టించుకోవడానికి ఒప్పుకోగలిగిన మనిషి, రేడియేషన్ సంగతి తేల్చుకోలేకపోవచ్చు. దేనికదే చూడాలి.

ఫ్రంటల్ లోబ్‌లో (నుదుటి వెనక భాగం) గడ్డ ఉన్న పేషెంట్ల దగ్గర దీనికి తిరగబడి ఉంటుంది. మాట గలగలా వస్తుంది, "సరే సరే, చేసేయండి" అంటారు. ఎందుకు సరే అంటే కారణం ఉండదు. సంతకం తేలిగ్గా దొరికేది, ఎక్కువ అనుమానించాల్సింది అక్కడే.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. జబ్బు పేరే ఆయనకు చెప్పొద్దని కొడుకు పట్టుబడుతున్నాడు, అప్పుడో?

జవాబు 4 – సైకియాట్రిస్టు

కొడుకుతో వాదించకండి, పెద్దాయన్నే అడగండి. మూడు కార్డులు చాలు: "అంతా నాకు చెప్పండి", "కొంచెం చెప్పండి", "మావాడికి చెప్పండి". మూడోది చూపిస్తే అదీ ఆయన నిర్ణయమే, కేస్‌షీట్‌లో తేదీతో రాయండి. మున్ముందు తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా ఇప్పుడే చూపించమనండి. గడ్డ పెరిగాక ఆ అవకాశం ఉండకపోవచ్చు.