‘అనుకూల నిర్వహణ’ అనే మాట సరిపోతుందా?

ప్రశ్న: రక్షిత ప్రాంతాల్లోని నదుల గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో పదే పదే వచ్చే ‘అడాప్టివ్ మేనేజ్‌మెంట్’కు (చేసిన పని ఫలితాన్ని గమనించి, దాని నుంచి నేర్చుకుని, తరువాతి పనిని మార్చుకునే పద్ధతికి) ‘అనుకూల నిర్వహణ’ అని రాసుకున్నాను గానీ, చదివిన ప్రతిసారీ ఏదో వెలితిగా తోస్తోంది. తగిన మాట ఉంటే పెద్దలు సూచించగలరు.

జవాబు: మీ అనుమానం సరైనదేనండి. ‘అనుకూల’ అనగానే పాఠకునికి అనుకూల వాతావరణం, అనుకూల తీర్పు వంటివి గుర్తుకు వస్తాయి. అంటే మనకు మేలు చేసేదని అర్థం. జీవశాస్త్ర పుస్తకాల్లోని ‘అనుకూలనం’ కొంత దగ్గరిదే అయినా, అది పరిసరాలకు తగ్గట్టు ప్రాణి మారడాన్ని మాత్రమే చెబుతుంది. 1970లలో కెనడా పర్యావరణ శాస్త్రవేత్త హోలింగ్, ఆయన సహచరులు ఈ భావనకు రూపమిచ్చినప్పుడు వారి దృష్టి మారడం కన్నా నేర్చుకోవడం మీద ఎక్కువగా ఉంది.

అమెరికాలోని గ్రాండ్ కేన్యన్‌నే చూడండి. ఎగువన గ్లెన్ కేన్యన్ ఆనకట్ట ఇసుకను ఆపేయడంతో కొలరాడో నది ఒడ్డున ఇసుక మేటలు కరిగిపోతూ వచ్చాయి. 1996 మార్చి చివర ఏడు రోజులపాటు 45,000 క్యూసెక్కుల నీటిని వదిలి, నది అడుగున పేరుకున్న ఇసుకను ఒడ్డుకు ఎత్తి పోయించాలని చూశారు. మేటలు పెరిగాయి, అయితే ఆ ఇసుకలో ఎక్కువ భాగం నది అడుగు నుంచి రాలేదని, పాత మేటల కింది భాగాల నుంచే కొట్టుకు వచ్చిందని కొలతల్లో తేలింది. అందుకే 2004లో పారియా ఉపనది కొత్త ఇసుకను తెచ్చిన తరువాతనే నీటిని వదిలారు. ముందు అనుకున్నది తప్పని నది చెప్పింది, మనుషులు విన్నారు. ఈ వినడం ‘అనుకూల’లో ఎక్కడుంది?

‘సర్దుబాటు నిర్వహణ’ అని కూడా కొందరు రాస్తున్నారు, కానీ సర్దుబాటు ఇద్దరి మధ్య జరిగేది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కు గుండా పారే సాబీ, ఒలిఫాంట్స్ వంటి నదులు పార్కుకు పడమట, బయట పుట్టి పొలాలు, గనులు, ఊళ్లు దాటి వస్తాయి కాబట్టి, అక్కడ నీటి పంపకంలో సర్దుబాటు నిజంగానే అవసరం. అది వేరే సంగతి. అడాప్టివ్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్కు నిర్వాహకులు చేసేది ఏమిటంటే, నది స్థితిని తెలిపే సూచికలకు ముందే హద్దులు గీసి, ఏదైనా హద్దు దాటినా, దాటేలా ఉన్నా కారణం వెతికి, చర్య తీసుకోవాలా, లేక గీసిన హద్దునే మార్చాలా అని తేల్చుకుంటారు.

ఇలా గీసిన హద్దునే మార్చుకోవడాన్ని కూడా కలుపుకునే మాట ‘సవరణ’ అని నా అభిప్రాయం. ‘సవరణశీల నిర్వహణ’ అనండి.

మరొకరు: భావం బాగుంది. అయితే ‘సవరణ’ను తెలుగు మాటగా ఎంచేవారికి సంస్కృత ‘శీల’తో కలపడం వైరిసమాసంగా (తెలుగు, సంస్కృత పదాల పొసగని కలయికగా) తోచవచ్చు. పైగా సవరణ అంటే చట్టసవరణ కూడా కదా!

జవాబు: ఆ అభ్యంతరం న్యాయమైనదే. శీర్షికల్లో సమాసాన్ని ఉంచి, వాక్యంలో విడమరచి ‘ఫలితం చూసి సవరించుకునే నిర్వహణ’ అని రాస్తే చట్టం గుర్తుకు రాదు, నేర్చుకోవడమూ మరుగున పడదు.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చి చూశాను: ‘ఈ అభయారణ్యంలోని నదిని ఏటా ఫలితం చూసి సవరించుకునే పద్ధతిలో నిర్వహిస్తున్నారు.’ వెలితి పోయిందండి. ‘అనుకూల’ను వ్యాసమంతటా తీసేస్తున్నాను.