రాచకొండ గుట్టల మీద ఒక్కడినే రాత్రి ఉండొచ్చా?

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. మాది నల్లగొండ. వచ్చే శనివారం ఒక్కడినే రాచకొండ ఎక్కి, రాత్రి అక్కడే టెంట్ వేసుకుని ఆదివారం దిగుదామని ఉంది. పద్మనాయకులు రాజధానిగా ఏలిన కోట కదా, పగలు ఒకసారి చూసొచ్చాను, మనసు అక్కడే ఉండిపోయింది.

అసలు తిప్పలన్నీ టెంట్‌తోనే. పోయిన నెల మా దగ్గరి గుట్ట మీద ట్రయల్ వేశాను. అంతా పరుపు బండే, మేకు దిగితే ఒట్టు! సుత్తితో కొడితే మేకే వంకర పోయింది. చివరికి తాళ్లను తలకాయంత రాళ్లకు చుట్టి నిలబెట్టాను. అర్ధరాత్రి గాలి లేచి ఒక రాయి గరగరమని జరిగింది, ఇక నిద్రెక్కడిది? పైగా ఎండకు కాగిన బండ, రాత్రి పది దాకా చాప కింద పెనంలా వేడి. రాయికి తాడు జారకుండా ఎలా కట్టాలి?

ఇంకోటి, ఎలుగుబంట్లు. సీతాఫలాలు పండే రోజులు కదా, వాటి కోసం వస్తాయంటారు. తిండి టెంట్‌లో పెట్టుకోవాలా, దూరంగా చెట్టుకు వేలాడదీయాలా? 5 లీటర్ల నీళ్లు మోస్తున్నాను, ఒకటిన్నర రోజుకు సరిపోతాయా? రాత్రి ఉండటానికి ఫారెస్టు వాళ్ల అనుమతి ఎక్కడ అడగాలి?

అమ్మకు మాత్రం ఫ్రెండ్ తోడొస్తున్నాడని చెప్పాను, అదొక టెన్షన్.