సర్వర్ మేనేజ్‌మెంట్ పోర్ట్‌లో లైటు వెలుగుతోంది, పింగ్ మాత్రం రావడం లేదు

నమస్తే అండీ. ఆఫీసుకి ఒక సెకండ్‌హ్యాండ్ ర్యాక్ సర్వర్ కొన్నాం. వెనకాల రెండు మామూలు నెట్‌వర్క్ పోర్టులు, కాస్త ఎడంగా యూఎస్‌బీల మీద ఇంకొకటి ఉంది. రిమోట్ మేనేజ్‌మెంట్ కోసం విడిగా ఇచ్చిన పోర్ట్ అదే. అర్ధరాత్రి సర్వర్ హ్యాంగ్ అయితే బండేసుకుని పరిగెత్తే బాధ తప్పుతుందని ఆశపడ్డాను.

బయోస్‌లో బీఎంసీకి (సర్వర్‌ని దూరం నుంచి చూసుకోవడానికి బోర్డు మీదే ఉండే చిన్న కంట్రోలర్) స్టాటిక్ ఐపీ 192.168.10.50, మాస్క్ 255.255.255.0 ఇచ్చాను. కేబుల్ పెడితే పచ్చ లైటు వెలుగుతోంది, పింగ్ లేదు. లినక్స్‌లో బీఎంసీతో మాట్లాడే ఐపీఎంఐటూల్ కమాండ్‌తో ‘లాన్ ప్రింట్ 1’ కొడితే నేనిచ్చిన ఐపీనే చూపిస్తోంది. విచిత్రం ఏంటంటే, అదే కేబుల్‌ని మొదటి మామూలు పోర్ట్‌కి మారిస్తే బీఎంసీ లాగిన్ పేజీ టక్కున వచ్చేస్తోంది!

ఆ పేజీలో లాన్ మోడ్ ‘ఫెయిలోవర్’ (విడి పోర్ట్‌లో లింక్ లేకపోతే మామూలు పోర్ట్‌కి మారేది) అని ఉంది. పక్కన డెడికేటెడ్ (విడి పోర్ట్ మాత్రమే), షేర్డ్ (మామూలు పోర్ట్‌నే పంచుకోవడం) కూడా ఉన్నాయి. మొదట పవర్ ఇచ్చినప్పుడు మేనేజ్‌మెంట్ పోర్ట్‌లో కేబుల్ లేదు. అందుకే బీఎంసీ షేర్డ్ పోర్ట్‌కి వెళ్లి అక్కడే ఉండిపోయిందని నా అనుమానం. కరెక్టేనా?

డెడికేటెడ్‌కి మార్చాక ‘ఎంసీ రీసెట్ కోల్డ్’ (బీఎంసీని రీస్టార్ట్ చేసే ఐపీఎంఐటూల్ కమాండ్) సరిపోతుందా, లేక పవర్ కేబుళ్లు రెండూ పీకి మళ్లీ పెట్టాలా? బిల్లింగ్ అంతా ఈ సర్వర్ మీదే నడుస్తోంది, పగలు ఆపితే మా సార్ ఊరుకోరు. బీఎంసీ రీసెట్ చేస్తే పైన నడిచే లినక్స్‌కి ఏమీ కాదని విన్నాను గానీ, స్వయంగా చేసినవాళ్లు చెబితే ధైర్యంగా ఉంటుంది.

ఇంకో చిన్న డౌట్. స్విచ్‌లో ఆ పోర్ట్‌ని వేరే వీల్యాన్‌లో (స్విచ్‌లోనే విడగొట్టిన నెట్‌వర్క్) యాక్సెస్ పోర్ట్‌గా, అంటే ట్యాగ్ లేకుండా ఆ ఒక్క వీల్యాన్‌కే పెడితే, బీఎంసీలో వీల్యాన్ ఆఫ్‌లోనే ఉంచాలి కదా? పాత పాస్‌వర్డ్ మార్చేశాను, బయటి ఇంటర్నెట్‌కి తెరవలేదు.