గొల్లభామా, మిడతా? కీచురాయా, చిమ్మటా?

ప్రశ్న: పిల్లల సైన్సు పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. గ్రాస్‌హాపర్‌కి ‘మిడత’ అని రాస్తే ఒకరు ‘గొల్లభామ’ అని దిద్దారు. ఇంకొకరేమో గొల్లభామంటే ముందుకాళ్లు ముడుచుకుని దండం పెడుతున్నట్టుండే పురుగంటారు. ఇక క్రికెట్‌కి కీచురాయి, ఇలకోడి, చిమ్మట... ఏది పెట్టమంటారు?

జవాబు: మిడత ఉంచేయండి. గొల్లభామ అని మిడతనీ అంటారు, మీరు చెప్పిన ఆ దండాల పురుగునీ అంటారు. ఆ రెండోది మాంటిస్. దాని చుట్టరికం బొద్దింకలతో, మిడతలతో కాదు. ఆ పేరు దానికే వదిలేస్తే తగాదా ఉండదు.

మిడతకీ కీచురాయికీ తేడా తెలియాలంటే మీసాలు చూడండి. పొట్టిగా, కాస్త మందంగా ఉంటే మిడత. వెంట్రుకల్లా సన్నగా ఉండి ఒంటిని దాటి వెనక్కి సాగితే కీచురాళ్ల వైపు. రంగుని మాత్రం నమ్మొద్దు. ఆకులాంటి పచ్చటి రెక్కల కేటిడిడ్‌ని అందరూ మిడతనేస్తారు గానీ, మీసాలు చూస్తే అది కీచురాళ్ల బంధువే. చెవులూ ఆ మాటే చెబుతాయి: మిడతకు పొట్ట మొదట్లో రెండు పక్కలా ఉంటాయి, కీచురాయికీ కేటిడిడ్‌కీ ముందుకాళ్ల మోకాళ్ల కింద. ఆడ కేటిడిడ్ తోక దగ్గర కత్తిలా కనిపించేది కొండి కాదు, గుడ్లు పెట్టే గొట్టం. జనం ఊరికే జడుసుకుంటారు!

ఇలకోడి నాకిష్టమైన మాటే, కానీ ఈ కాలం పిల్లలకు అందదు. కీచురాయి పెట్టండి.

వ్యాఖ్య: పట్టపగలు చెట్టెక్కి చెవులు చిల్లులు పడేలా అరిచేదాన్ని కూడా మేం కీచురాయే అంటామండీ.

జవాబు: అది సికాడా అండి. నల్లులుండే వర్గంలోది, చెట్ల రసం పీల్చి బతుకుతుంది. కీచురాయి ముందురెక్కలు రెండూ రాసుకుని కూస్తే, మగ సికాడా పొట్ట పక్కనున్న పొరల్ని కండరాలతో లాగి వదులుతూ మోత పుట్టిస్తుంది. చిమ్మట అని దీన్నీ అంటారు, కీచురాయినీ అంటారు, ఉన్నిబట్టలు కొరికే పురుగునీ అంటారు. ఆ మాట వాడితే పక్కన బొమ్మ వేయక తప్పదు.

వ్యాఖ్య: లోకస్ట్‌కి కొత్త మాట పుట్టించాలా మరి?

జవాబు: ఎందుకండీ, ‘మిడతల దండు’ ఉందిగా! ఒకప్పుడు శాస్త్రజ్ఞులే ఒంటరిగా తిరిగే మిడతనీ, దండుగా వచ్చేదాన్నీ వేర్వేరు జాతులనుకున్నారు. గుంపు చిక్కబడితే ఆ మిడతే రంగూ రూపూ నడతా మార్చుకుంటుందని 1921లో ఉవరోవ్ అనే కీటక శాస్త్రజ్ఞుడు తేల్చాడు. ఇంగ్లీషులోనూ చిక్కుంది, చూసుకోండి. అమెరికాలో కొందరు సికాడాని లోకస్ట్ అంటారు. మీ మూలంలో ‘17 ఏళ్ల లోకస్ట్’ అని కనిపిస్తే మిడత అని రాసేయకండి, అది భూమిలో 17 ఏళ్లు పెరిగి పైకొచ్చే సికాడా.